మొగలిమెట్ట ఆఖరి వేటపెద్ద

అర్జునరావుకి ఆ పేరు పెట్టినప్పుడు వాళ్ళ నాన్న ఏ ఊహలో ఉన్నాడో గాని, మొగలిమెట్ట ఊరు మాత్రం ఆ పేరుని ఊరికే వదిలిపెట్టలేదు. అతను బాణం వేస్తే కొండకి తగులుతుంది, అదీ కొండ కదలకుండా నిలబడితే, అని ఊళ్ళో ఒక మాట ఉండేది. మనిషి మంచివాడే. పోర్టులో కలాసీ పని, బస్సెక్కి వెళ్ళి బస్సెక్కి వచ్చేవాడు, ఒకరి జోలికి పోయే రకం కాదు. కానీ మొగలిమెట్టలో మంచితనాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అక్కడ మగవాడి విలువ ఏడాదికొక్క రోజు, ఉగాదికి ఆనుకుని వచ్చే కొత్త అమావాస్యకి ముందు ఆదివారం నాడు, కొండ మీద తేలిపోయేది.

గాజువాక దాటి సముద్రం వైపు నడిస్తే వచ్చే చిన్న ఊరది. ఊరి వెనక కొండ, కొండ కింద వానాకాలం పారే గెడ్డ, గెడ్డ పొడుగునా మొగలి పొదలు. ఇంటింటికీ ఒక విల్లు ఉండేది. తుపాకీ ముట్టకూడదు, ఉచ్చు పన్నకూడదు, వల వెయ్యకూడదు, అది ఊరి అమ్మవారు నూకాలమ్మకి ఇచ్చుకున్న మాట. తడ చెట్టు కర్రతో చేసిన నిలువెత్తు విల్లు, వెదురు పేడుతో నారి, ఇనుప ములికి బిగించిన బాణం, అంతే. ఆ ఆదివారం పొద్దున్నే మగవాళ్ళందరూ కొండెక్కేవారు. చెవులపిల్లో, కౌజు పిట్టో, పూరేడో, ఏదో ఒకటి కొట్టి తెచ్చినవాడు తలెత్తుకుని ఊళ్ళోకి వస్తాడు. వట్టి చేతులతో వచ్చేవాడి కోసం ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలు పట్టుకుని కాచుకుని ఉంటారు. నెత్తిన కుమ్మరించి, చేతికి చీపురిచ్చి, తిట్లపాట పాడుకుంటూ ఇంటిదాకా సాగనంపుతారు. ఆ ఒక్క రోజూ అత్తా లేదు కోడలూ లేదు, ఎవరు ఎవరిని ఎన్నైనా అనొచ్చు.

అర్జునరావు నెత్తిన మొదటి కుండ ఎప్పుడూ అతని పెళ్ళాం దేముడమ్మదే. ఇంకొకరికి ఆ అవకాశం ఇచ్చేది కాదు.

"మా కన్నోరింట కుక్కయినా సెవులపిల్లిని అట్టుకొచ్చేత్తాది. నువ్వేటి తెచ్చినావు మావా, కొండగాలి తెచ్చినావా?" అని ఆవిడ అడిగితే ఆడవాళ్ళందరూ విరగబడి నవ్వేవారు. అర్జునరావు కూడా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు? పేడనీళ్ళు కళ్ళలోంచి తుడుచుకుంటూ నవ్వే నవ్వు ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మొదట్లో కొన్నేళ్ళు విల్లు బాగాలేదని చెప్పి చూశాడు. ఆ మాట చెల్లలేదు. ఎందుకంటే ఆ విల్లు చేసినవాడు ఎల్లారావు.

ఎల్లారావు దేముడమ్మకి అన్న. అర్జునరావుకి బావమరిది అయినా, వయసులో పెద్దవాడు కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. ఊళ్ళో విళ్ళన్నీ అతని చేతివే. కర్ర కొట్టి తెచ్చి, రెండు వానాకాలాలు అటక మీద ఆరబెట్టి, అప్పుడు గాని కత్తి పెట్టేవాడు కాదు. విల్లు పని అయిపోగానే నారి దించెయ్యమని అందరికీ చెప్పేవాడు. ఎవడైనా నారి దించకుండా గోడకి తగిలిస్తే వాళ్ళింటికెళ్ళి మరీ తిట్టేవాడు. "నిన్ను రోజంతా వొంగోబెట్టి నిలబెడితే నీ నడుం ఏటవుద్ది? దానిదీ అదే గతి" అనేవాడు. నిజంగానే, దించని విల్లు కొన్నాళ్ళకి ఆ వంపులోనే ఉండిపోతుంది. ఇక దానికి బాణాన్ని తోసే బలం ఉండదు.

ఇక అతని గురి సంగతి చెప్పాలంటే, దాన్ని గురి అనడం కూడా తప్పే. బాణం వేలు వదిలీ వదలకముందే "తగిలింది" అనేవాడు. అనడం ముందు, తగలడం వెనక. ఎలా తెలుస్తుందని అర్జునరావు ఒకసారి అడిగాడు.

"నాకు తెలవదు బావా. సెయ్యి సెప్తాది" అన్నాడు ఎల్లారావు, తన చేతిని తనే వింతగా చూసుకుంటూ. ఆ చెయ్యి చెప్పిన మాట ఊరు ఎరిగినంతలో ఎప్పుడూ తప్పలేదు. ఒక్కోసారి వదిలాక "అయ్యో" అనేవాడు. అప్పుడు బాణం పక్కకే పోయేది.

ఆ రోజు అందరికంటే ముందు వేట కొట్టినవాడు ఆ ఏటికి వేటపెద్ద. పండగ భోజనంలో వేటపెద్ద మొదటి ముద్ద ఎత్తితే గాని తక్కినవాళ్ళు విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. మరుసటి ఏడు వేటలో మొదటి బాణం వదిలేదీ అతనే. ఒకే వేటకి రెండు బాణాలు తగిలితే, ముందు తగిలినవాడిదే వేట, రెండోవాడు వట్టి చేతులవాడి కిందే లెక్క. ఎవరిది ముందో, దగ్గరున్న మనిషి విల్లు నారి ముట్టి చెప్పాలి. నారి ముట్టి చెప్పిన మాటకి ఎదురు లేదు. కాదంటే అమ్మవారికి కోపమని వాళ్ళ నమ్మకం.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. వేటలో ఎవడైనా తప్పు చేస్తే, మాట తప్పుగా చెప్పినా సరే, ఆ తప్పుని మళ్ళీ ఏడు వేట మొదలయ్యేటప్పుడే చెప్పుకోవాలి. మొదటి బాణం వదలకముందు, అందరి ఎదటా చెప్పుకుని అమ్మవారికి ఒక పుంజుని ఇచ్చుకుంటే తప్పు పోయినట్టే. వేటలో జరిగింది వేటలోనే తీరాలి గాని ఇంట్లోనో బజారులోనో చెప్పుకుంటే చెల్లదు. ఏడాదికొకసారి వచ్చే వేటకి అది బాగానే అమిరిన కట్టు. మనిషి చల్లబడటానికీ, ధైర్యం తెచ్చుకోవడానికీ ఏడాది సరిపోతుంది. వేట ఆగిపోతే ఏమిటన్నది మాత్రం ఆ పెద్దవాళ్ళెవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? కొండ ఎక్కడికి పోతుంది గనక!

ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఖాళీ చేయించి కట్టాల్సిన స్టీల్ ప్లాంటుకి డెబ్భై ఒకట్లోనే పునాదిరాయి వేశారు. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. మొగలిమెట్టలో పుట్టిన పిల్లలు బళ్ళోకి వెళ్ళే ఈడుకొచ్చారు, ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఎవరైనా ఖాళీ చెయ్యాలట అంటే, అలాగే అంటారు లెమ్మని నవ్వి ఊరుకోవడం అలవాటైపోయింది.

ఎనభై ఒకటో సంవత్సరం వేట నాడు కొండ మీద ఎందుకో ఏమీ లేవలేదు. ఎండెక్కింది. మగవాళ్ళు గెడ్డకి రెండు పక్కలా విడిపోయి పొదలు కొట్టుకుంటూ వస్తున్నారు. అర్జునరావు కింద, గెడ్డలో, కలివి పొదల పక్కన నిలబడ్డాడు. అతన్ని ఎప్పుడూ అక్కడే నిలబెట్టేవారు, అటువైపు ఏదీ రాదని. ఎల్లారావు పైన వాలులో ఉన్నాడు. మధ్యలో పొదలు.

ఉన్నట్టుండి ఒక చెవులపిల్లి లేచి వాలు మీదుగా అడ్డంగా దూసుకొచ్చింది. పైనుంచి నారి మోత, వెంటనే ఎల్లారావు గొంతు, "తగిలింది!" అని. అర్జునరావు కళ్ళెదుటే గద్ద ఈక కట్టిన బావ బాణం దాని భుజంలో దిగింది. అది పిల్లిమొగ్గలు వేసుకుంటూ పొద ఇవతలకొచ్చి అతని కాళ్ళ ముందు పడింది. పడి కొట్టుకుంటోంది. అర్జునరావుకి ఒళ్ళు తెలియలేదు. అంత దగ్గరగా వేట అతను ఎన్నడూ చూసి ఉండలేదు. చేతిలో బాణం ఎక్కుపెట్టి ఉంది. వదిలేశాడు. అతని కోడి ఈక బాణం దాని కడుపులో దిగింది. అంత దగ్గర్నుంచి వేస్తే గుడ్డివాడిదైనా తగులుతుంది.

అందరూ పరుగెత్తుకుంటూ వచ్చారు. చెవులపిల్లి ఒంట్లో రెండు బాణాలు. ఊరి పెద్ద త్రినాథం తాత వంగి చూసి అడిగాడు.

"ఎవులి దెబ్బ ముందు తగిలినాదిరా? దగ్గర నువ్వే ఉన్నావు, సెప్పు."

అర్జునరావు నారి మీద వేళ్ళు పెట్టాడు. నోరు తెరిచింది నిజం చెప్పడానికే. ఆ మాట మీద అతను తర్వాత ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నాడో, వినేవాళ్ళెవరూ లేరు గాని. సరిగ్గా అప్పుడే కింద ఊరి మొదట్లోంచి ఆడవాళ్ళ పాట వినబడింది. పేడనీళ్ళు కలుపుతూ పాడే పాట. అందులో దేముడమ్మ గొంతు విడిగా తెలుస్తోంది.

"నాదే ముందు" అన్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అర్జునరావు అతికించాడు కూడా. "నా బాణానికి దొర్లినాది. దొర్లి బావ బాణానికి అడ్డం వచ్చినాది" అన్నాడు. అంటే ఎల్లారావు గురి పెట్టిన చోటు వేరు, బాణం తగలడం వట్టి అదృష్టం, అని అర్థం. ఆ రెండో ముక్క అనక్కర్లేదు. మొదటిది పేడనీళ్ళ నుంచి తప్పించుకోవడానికి అన్నాడు, సరే. రెండోది ఎందుకన్నాడో అతనికీ తెలీదు. అన్నది మాత్రం అదే, మనిషిని కొట్టింది కూడా అదే.

ఎల్లారావు అడ్డు చెప్పలేదు. నారి ముట్టి చెప్పిన మాట గదా. కుడిచేతిని ఒకసారి విప్పి చూసుకున్నాడు.

"మరి నా సెయ్యి తగిలిందని సెప్పినాది బావా" అన్నాడు, తగువు పెట్టుకునే గొంతుతో కాదు, అడిగే గొంతుతో. అర్జునరావు తలొంచుకుని చెవులపిల్లి కాళ్ళు కట్టడం మొదలెట్టాడు.

ఆ రోజు ఎల్లారావు మళ్ళీ బాణం తియ్యలేదు. సాయంత్రం ఊరి మొదట్లో దేముడమ్మ కుండ ఎత్తి పట్టుకుని మొగుడి కోసం చూస్తుంటే, భుజాన చెవులపిల్లితో, జనం మధ్యలో, డప్పు ముందు నడుస్తూ మొగుడే వచ్చాడు. ఎత్తిన కుండ ఎవరి మీద పొయ్యాలి? వెనక వట్టి చేతులతో వస్తున్న వాళ్ళలో అన్న ఉన్నాడు.

"పొయ్యే సెల్లీ. ఆసారం ఆసారమే" అన్నాడు ఎల్లారావు, తనే తల వంచి.

ఆవిడ నవ్వుతూనే పోసింది. ఊరంతా నవ్వింది. ఎల్లారావంతటివాడికి పేడనీళ్ళా అని చప్పట్లు కొట్టారు. అతనూ నవ్వాడు. ముఖం తుడుచుకున్నాక, ఆ తడి చేతిని మళ్ళీ అలాగే తిప్పి చూసుకున్నాడు. అది అర్జునరావు ఒక్కడే గమనించాడు.

మర్నాడు పొద్దున్నే అర్జునరావు కోళ్ళగూట్లో పిల్లల్లోంచి ఒక తెల్ల పుంజుపిల్లని ఎంచి కాలికి ఎర్ర దారం కట్టాడు. అమ్మవారి మొక్కు అన్నాడు. వేటపెద్ద అయినందుకు మొక్కుకున్నాడేమో అనుకుంది దేముడమ్మ. మళ్ళీ ఏడు, మొదటి బాణం వదలకముందు, అందరి ఎదటా చెప్పేస్తాను, పేరు బావకి పోతుంది, పేడనీళ్ళ బాకీ నా నెత్తిన పడుతుంది, అంతే గదా అనుకున్నాడు అర్జునరావు. అలా అనుకోగానే మనసు తేలికపడింది. కట్టు ఉందిగా! ఏడాది ఎంతలో తిరిగొస్తుంది?

ఆ ఏడాదిలో ఎల్లారావు విల్లు ముట్టలేదు. మొదట జ్వరమన్నాడు, తర్వాత కళ్ళు మసకలన్నాడు. కర్ర తెచ్చి విల్లు చెయ్యమన్న వాళ్ళకి కర్ర తిరిగిచ్చేశాడు. "సెయ్యి అబద్ధం సెప్పేత్తంది రా. అలాంటి సెయ్యి సేసిన విల్లు మీకెందుకు?" అన్నాడట. ఆ మాట విన్న రోజు అర్జునరావు పోర్టుకి వెళ్ళలేదు. బావ ఇంటి అరుగు దాకా వెళ్ళాడు, కూర్చున్నాడు, కాఫీ తాగాడు, వచ్చేశాడు. ఇంట్లో చెప్పుకుంటే చెల్లదు గదా అని తనకి తాను చెప్పుకున్నాడు. తప్పించుకోవాలనుకున్నవాడికి ఆచారం కంటే మంచి గొడుగు లేదు.

పుంజు ఎదిగింది. తోక తిరిగింది. కొత్త అమావాస్య ఇంకా రాలేదు, మాఘమాసంలోనే లారీలు వచ్చాయి.

ఈసారి నవ్వడానికేం లేదు. ఇళ్ళ లెక్క అయిపోయింది, స్థలాలు ఇచ్చేశారు, వెళ్ళాలి. పండగ దాకా ఉండి ఆఖరి వేట చేసుకుని పోదామని కొందరన్నారు. అప్పటికే కొండ చుట్టూ కంచె పడింది, రాయి పేలుస్తున్నారు, మనుషుల్నే పోనివ్వడం లేదు, ఇక చెవులపిల్లులు ఎక్కడుంటాయి? త్రినాథం తాత లారీ ఎక్కేముందు కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి, "ఆకరి వేటపెద్దవి నువ్వేరా అర్జునుడా. ఇంకెవులూ అవ్వరు" అన్నాడు. ఆశీర్వదించినట్టే అన్నాడు పాపం. అర్జునరావుకి లారీలో ఎక్కడ కూర్చున్నాడో, సామాను ఏమెక్కిందో ఏదీ గుర్తులేదు. తెల్ల పుంజు బుట్టలోంచి తల బయటపెట్టి దారి పొడుగునా కూస్తూనే ఉంది.

ఎల్లారావు గాజువాక పక్కన కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ప్లాంటు స్టోరు యార్డులో పని దొరికింది. అర్జునరావు పోర్టుకి దగ్గరవుతుందని కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన వీధిలో అద్దెకి దిగాడు. పాలు పొంగించిన రోజు దేముడమ్మ ఆ పుంజుని కోసేసింది.

"అది మొక్కు పుంజే!" అన్నాడు అర్జునరావు.

"ఏ మొక్కు మావా? ఏ కొండ మీద తీరుత్తావు?" అంది ఆవిడ.

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

వేట ఉన్నన్నాళ్ళూ వేటపెద్ద పేరు ఏడాదికొకరి దగ్గరికి పోయేది. ఎవడి దగ్గర ఏ తప్పుడు పేరున్నా మరుసటి ఏడు కొట్టుకుపోయేది. ఇప్పుడు వేట పోయింది, పేరు మాత్రం అర్జునరావుకి అతుక్కుపోయింది. మొగలిమెట్ట వాళ్ళ ఇళ్ళల్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ పేరంటం జరిగినా అతన్ని పిలుచుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టేవారు. అతను ముద్ద ఎత్తేదాకా అందరూ ఆగేవారు. ఊరు పోయినవాళ్ళకి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి గదా, వాళ్ళు అతన్ని పట్టుకున్నారు. విస్తరి ముందు కూర్చున్న ప్రతిసారీ ఎల్లారావు ఎదురు వరసలో ఎక్కడో కనబడేవాడు. నవ్వుతూ, కానివ్వు బావా అన్నట్టు తలూపేవాడు.

ఎనభై ఆరు జనవరిలో ఎల్లారావుకి కాలు బెణికిందంటే చూడ్డానికి వెళ్ళాడు అర్జునరావు. మంచం మీద కూర్చుని తలెత్తి చూస్తే, గోడకి విల్లు కనబడింది. నారి ఎక్కించే ఉంది.

"బావా, దించలేదేటి?" అన్నాడు కంగారుగా.

"ఏది? ఓ, అదా! ఆ రోజు కొండ మీంచి వచ్చి తగిలించినాను. లారీలోనూ అలాగే వచ్చినాది, అలాగుండిపోనాది" అన్నాడు ఎల్లారావు.

ఎక్కించిన నారి దించనందుకు ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి తిట్టిన మనిషి అతను. అర్జునరావు లేచి నారి దించాడు. విల్లు తిన్నగా కాలేదు. ఆ వంపు అలాగే ఉంది. రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బావ చేసిన విళ్ళల్లోకెల్లా మంచి విల్లది. దాన్ని గోడ మీదే చచ్చిపోనిచ్చాడు.

"దాని పనయిపోనాది గదా బావా, వొదిలేయ్" అన్నాడు ఎల్లారావు. గొంతులో ఏ బాధా లేదు. అదే అర్జునరావుకి భరించరాకపోయింది.

పోర్టులో అతనితో పనిచేసే క్రేన్ ఆపరేటర్ కృపాకర్ అత్తవారికి యారాడ కొండ వాలులో జీడితోట ఉంది. చెవులపిల్లులు లేతమొక్కలు కొరికేస్తున్నాయని కృపాకర్ ఎప్పుడూ గొణిగేవాడు. ఆ ఏడు కొత్త అమావాస్యకి ముందు ఆదివారం, తోటలోకి వెళ్ళి రెండు బాణాలు వేసుకుంటాం అని అడిగాడు అర్జునరావు.

"ఎల్లండి మాస్టారూ. మేం చర్చికి పోతాం, ఎవులూ ఉండరు. ఫారెస్టోళ్ళు చూస్తే మాత్రం నా పేరు సెప్పకండి" అన్నాడు కృపాకర్, నవ్వి.

ఎల్లారావు రానన్నాడు. బతిమాలితే, సముద్రం చూసినట్టుంటుంది పద, అని వచ్చాడు. అర్జునరావు ఒక చేతిలో తన విల్లు, ఇంకో చేతిలో బుట్ట పట్టుకున్నాడు. బుట్టలో పుంజు ఉంది. ఎందుకని ఎల్లారావు అడిగితే, కూరకి అన్నాడు. బస్సు దిగి కొండ దాటి నడుస్తుంటే కింద యారాడ తీరం, ఒడ్డున పడవలు కనబడుతున్నాయి. అర్జునరావు మనసులో ఒకటే లెక్క. ముందు బావ చేత ఒక్క బాణం వేయించాలి. తగులుతుంది, తగలక ఎక్కడికి పోతుంది? చెయ్యి నిజమే చెబుతుందని అతనికి తెలిశాక, అప్పుడు తన తప్పు చెప్పి పుంజుని ఇచ్చుకోవాలి. అప్పుడు తన మాట అంత కష్టంగా తగలదు. అసలు కట్టు ప్రకారం మొదటి బాణానికి ముందే చెప్పాలి. అది తెలిసీ వెనక్కి జరిపాడు. అలవాటు అంత త్వరగా పోతుందా!

తోట చివర మొగలి పొదలున్నాయి. అక్కడ నిలబడి నారి ఎక్కించి విల్లు బావ చేతికిచ్చాడు. ఎల్లారావు దాన్ని నిమిరి చూశాడు.

"ఇంకా బాగున్నాది. నువ్వు రోజూ దించినావు" అన్నాడు. అతని ముఖంలో చిన్న వెలుగొచ్చింది. అది చూసి అర్జునరావుకి ప్రాణం లేచి వచ్చింది. రాయి తీసి పొదలోకి విసిరాడు.

చెవులపిల్లి లేచింది. కొంచెం దూరం పరుగెత్తి, తోట మధ్య ఖాళీలో ఆగి, వెనక కాళ్ళ మీద కూర్చుని చెవులు నిక్కబొడుచుకుంది. ఎల్లారావు నారి లాగాడు. అదే నిలబడటం, అదే బొటనవేలు చెవి దాకా రావడం, ఏదీ మారలేదు. అర్జునరావు ఆ ఒక్క మాట కోసం చెవులప్పగించాడు. మాట రాలేదు. బాణం పోలేదు. ఎల్లారావు నారి మెల్లగా వదులు చేసి విల్లు దించేశాడు. చెవులపిల్లి తీరుబడిగా గెంతుకుంటూ పొదలోకి పోయింది.

"ఏసేయాల్సింది బావా! ఏసుంటే తగిలీది!"

"సెయ్యి ఏటీ సెప్పడం నేదు బావా" అన్నాడు ఎల్లారావు. "అయిదేళ్ళ కింద అబద్ధం సెప్పినాది. ఇప్పుడు అదీ నేదు."

అర్జునరావు ఇంక ఆగలేకపోయాడు. బావ చేతిలో ఉన్న విల్లు నారిని తన వేళ్ళతో పట్టుకున్నాడు. "నీ సెయ్యి అబద్ధం సెప్పలేదు బావా, నాను సెప్పినాను. ఆ రోజు నీ బాణమే ముందు తగిలినాది. భుజంలో. నా కళ్ళతో సూసినాను. పడి కొట్టుకుంతంటే నాను దగ్గర్నుంచి ఏసినాను. పేడనీళ్ళకి జడిసి నాదే ముందన్నాను. నూకాలమ్మ తోడు. ఇదిగో, తాడు ముట్టుకుని సెప్తన్నాను" అన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

ఎల్లారావు అతని ముఖంలోకి చూసి నవ్వాడు. వెటకారం లేని నవ్వు. నారి మీంచి అర్జునరావు వేళ్ళని ఒక్కొక్కటే విడదీశాడు.

"నా కోసరం మాట తిప్పేత్తన్నావా బావా?" అన్నాడు.

"తిప్పడం కాదు, నిజం!"

"నిజమైతే ఇన్నేళ్ళు దాసుంచుతావా నువ్వు? నాకు తెలవదా నీ సంగతి? పుంజుని కూడా తెచ్చినావు. సూసినప్పుడే అనుకున్నాను, ఏదో కథ కట్టినాడు నా పిచ్చిబావ అని." ఎల్లారావు అతని భుజం మీద చెయ్యేశాడు. "వొద్దు. ఆ రోజు తాడు ముట్టి సెప్పినావు. అది తిరగదు. నా మీద జాలితో అమ్మోరి కాడ తప్పు మూటగట్టుకోకు. ఏడవకు, ఊరుకో. ఒక్కడిది సెయ్యి పోతే ఇంకొకడిది నిలబడినాది. అంతే గదేటి."

అర్జునరావు ఇంకా ఏదో చెప్పాడు. గద్ద ఈక అన్నాడు, భుజం అన్నాడు, పిల్లిమొగ్గలన్నాడు. చెప్పేకొద్దీ అది కట్టుకథలా వినబడుతోందని అతనికే తెలుస్తోంది. ఆనాడు అబద్ధం అంత బాగా అతికింది, ఇవాళ నిజం ఎక్కడా అతకలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ కంచరపాలెం వచ్చారు. పుంజు దేముడమ్మ పొయ్యి మీదకెళ్ళింది. వంటింటి గుమ్మంలో అన్నాచెల్లెళ్ళు మెల్లగా మాట్లాడుకోవడం అర్జునరావుకి వీధరుగు మీదకి వినబడింది.

"మంచోడే నీ మొగుడు. నా కోసరం అబద్ధం కూడా ఆడేసినాడు" అంటున్నాడు ఎల్లారావు.

దేముడమ్మ కంచాలు పెట్టి పిలిచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఏనాడూ లేనిది, చెంబుతో నీళ్ళు తనే చేతి మీద పోసింది. ముందుగా అతని కంచంలోనే వడ్డించింది. పెద్ద ముక్క ఏరి వేసింది.

"మా అన్న కోసరం వేటపెద్ద పేరే వొదిలేసుకుందామనుకున్నావంట" అంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "నిన్ను ఎన్నేళ్ళు ఎన్ని మాటలన్నాను మావా!"

అర్జునరావు తలెత్తాడు. ఎదురుగా ఎల్లారావు అన్నం కలపకుండా, కంచం మీద చెయ్యి ఆపుకుని కూర్చున్నాడు. పక్కన దేముడమ్మ కూడా గరిటె పట్టుకుని చూస్తోంది.

"తిను బావా. వేటపెద్దవి, నువ్వు ముద్ద ఎత్తకుండా నాను తినేత్తానా?" అన్నాడు ఎల్లారావు. అతనికి ఆకలిగా ఉంది. పొద్దున్నుంచీ కొండ మీద నడిచాడు.

అర్జునరావు అన్నం కలిపాడు. ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఎల్లారావు తినడం మొదలెట్టాడు.